ఉప్పు చేతికిచ్చిన పీరియడ్

2018 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం పదిన్నరకు ఇది మొదలైంది. అప్పుడు నేను సత్యవేడు మండలంలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఉన్నత పాఠశాలలో ఒక సబ్జెక్టు బాధ్యత మొత్తం మోసే టీచరును స్కూల్ అసిస్టెంటు అంటారు. మా పైన ప్రధానోపాధ్యాయుడు, ఆయన పైన డివిజన్, జిల్లా స్థాయి అధికారులు. అది నా ఆఖరి బడి. జూన్ నెలాఖరుకు అరవై నిండి ఉద్యోగం ముగుస్తుంది. వారమంతా సత్యవేడులో అద్దెగదిలో ఉండి, శనివారం సాయంత్రం తిరుపతిలో ఉన్న ఇంటికి వచ్చేదాన్ని.

ఆ రోజు మా బడికి తనిఖీ. తనిఖీ బృందంలో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో నిపుణుడు ఉంటాడు. ఆయన వెనక బెంచీలో కూర్చుని పీరియడ్ మొత్తం చూస్తాడు. చివర పరిశీలన పుస్తకంలో తన అభిప్రాయం రాసి సంతకం పెడతాడు. అది మంచిగా ఉంటే ప్రధానోపాధ్యాయుడు నలుగురికీ చూపిస్తాడు, లేకపోతే టీచరు సంజాయిషీ రాసివ్వాలి. ఇంగ్లిష్ నిపుణుడు చిత్తూరు నుంచి వచ్చారు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. సబ్జెక్టు బాగా తెలిసినవారు, పిల్లలతో మర్యాదగా మాట్లాడేవారు.

పదో తరగతికి నేను ఆ రోజు తీసుకున్న పాఠం డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టులు. పబ్లిక్ పరీక్షలో ఆబ్జెక్టును గుర్తించమని నేరుగా అడగకపోవచ్చు. కాని వాక్యాన్ని పాసివ్ వాయిస్‌లోకి మార్చమంటారు. రెండు ఆబ్జెక్టులున్న వాక్యానికి రెండు రకాల పాసివ్ వస్తుంది. ఏది వస్తువో, ఏది మనిషో తేల్చుకోలేని పిల్లవాడు ఆ రెంటినీ కలిపేసి మార్కు పోగొట్టుకుంటాడు.

తెలుగులో ఈ చిక్కు లేదు. భవాని సెల్వికి పెన్ను ఇచ్చింది అన్నా, పెన్ను భవాని సెల్వికి ఇచ్చింది అన్నా అర్థం చెడదు. 'కి' అన్న ఒక్క అక్షరం పుచ్చుకునే మనిషిని పట్టి చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ అక్షరం లేదు, మాట నిలబడిన చోటే దాని పనిని చెబుతుంది. 'భవాని గేవ్ సెల్వి ఎ పెన్' అన్నప్పుడు క్రియ వెనకనే ఉన్న సెల్వి పుచ్చుకునే మనిషి, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. చివరనున్న పెన్ను చేతులు మారిన వస్తువు, డైరెక్ట్ ఆబ్జెక్ట్. వస్తువును ముందుకు తెస్తే మనిషి ముందు 'టు' చేర్చాలి. క్రియ పక్కన ఏ మాట కనిపిస్తే అదే డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనుకోవడం పిల్లలు మామూలుగా చేసే పొరపాటు. అందుకని నేను రెండు ప్రశ్నలు నేర్పేదాన్ని. ముందు, ఏమి ఇచ్చింది? దానికి జవాబు దొరికాకనే, ఎవరికి ఇచ్చింది? ఈ వరుస తప్పనివ్వను.

బోధన పద్ధతి కూడా ఏళ్ల తరబడి ఒక్కటే. ఇద్దరు పిల్లలను ముందుకు పిలుస్తాను. ఒకరు ఇంకొకరికి నిజంగా ఒక వస్తువు ఇవ్వాలి. మిగతా తరగతి దాన్ని వాక్యంగా చెప్పాలి. ఇచ్చిన చెయ్యి, వస్తువు, పుచ్చుకున్న చెయ్యి కళ్లముందు ఉంటాయి కాబట్టి ఎంత వెనకబడిన పిల్లవాడికైనా తేడా తెలుస్తుంది.

ఆ రోజు నేను పిలిచిన ఇద్దరు భవాని, సెల్వి. ఊరికి అవతల, కాలవ దాటాక ఉన్న ఇళ్లలో వాళ్లవి పక్కపక్క ఇళ్లు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. భవాని తండ్రి మునిరత్నం సేద్యగాడు. సెల్వి తండ్రి ఏలుమలై షేర్ ఆటో నడుపుతాడు, దానితోపాటు కొద్దిగా భూమి. ఇద్దరి చేలకూ నడిమి గట్టు మీద ఒకే బోరు, ఒకే మోటారు. వారం వారం వంతు మార్చుకుని నీళ్లు పారగట్టుకునేవాళ్లు.

భవాని గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ప్రీ ఫైనల్ పరీక్షల్లో ఆ అమ్మాయికి అన్ని సబ్జెక్టుల్లో పదికి పది పాయింట్లు. ప్రభుత్వ బడుల్లో చదివి, మొదటిసారికే అన్ని పేపర్లూ పాసై, గ్రేడు బాగా తెచ్చుకున్న పిల్లలకు ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది. ఆరేళ్ల ఇంజినీరింగు చదువు, హాస్టలుతో సహా. మా బడికి అంతవరకు ఒక్క సీటూ రాలేదు. భవానికి వస్తుందని నేనూ, లెక్కల మాస్టారూ గట్టిగా నమ్మాం. ఆ ఇంటి పరిస్థితికి వేరే దారి లేదు. మొదటిసారికే అన్ని పేపర్లూ పాస్ కావాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన.

పెన్నుతో ఒకసారి, పుస్తకంతో ఒకసారి అయ్యాక నిపుణులు లేచి ముందుకు వచ్చారు. పెన్నూ పుస్తకమూ ప్రతి గైడులోనూ ఉంటాయని, రోజువారీ జీవితంలోని వస్తువులు వాడితే పిల్లలకు భాష దగ్గరవుతుందని అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. మధ్యాహ్న భోజనం వండే గది మా తరగతికి ఆనుకునే ఉంది. అక్కడినుంచి ఒక గ్లాసు, ఒక కోడిగుడ్డు, ఒక గిన్నెలో కల్లుప్పు తెప్పించారు. గ్లాసు ఇచ్చారు, గుడ్డు ఇచ్చారు. పిల్లలు నవ్వుతూ వాక్యాలు చెప్పారు. తర్వాత ఉప్పు.

భవాని గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. సెల్వి దాన్ని తీసుకుంది. వాళ్ల ఇళ్లలో, ఆ మాటకొస్తే మా ఇంట్లోనూ, ఉప్పు ఇచ్చే పద్ధతి అదే. చేతి నుంచి చేతికి ఉప్పు మారితే ఆ ఇద్దరికీ పొట్లాట వస్తుందంటారు.

నిపుణులు నవ్వి, ఆ అమ్మాయి ఇచ్చింది అనడానికి లేదన్నారు. "గేవ్ కాదమ్మా ఇది, పుట్. బల్ల మీద పెట్టినావు. ఈ వాక్యంలో పుచ్చుకునే మనిషి యాడుండాది?"

ఆయన చెప్పింది వ్యాకరణం ప్రకారం సరే. నేను ఆయన పక్కకు వెళ్లి, ఇక్కడ ఉప్పు చేతికి ఇవ్వరు సార్ అని నెమ్మదిగా చెప్పాను.

"మా ఇంట్లో కూడా ఇయ్యరు మేడమ్," అన్నారు ఆయన. "పది చదివే పిల్లోళ్లు గూడా అట్లే ఉంటే ఇంక మనమెందుకు ఈడ?"

భవాని నా వైపు చూసింది. నేను ఔననీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ అమ్మాయి గిన్నెలోంచి పిడికెడు ఉప్పు తీసి సెల్వి అరచేతిలో పోసింది. సెల్వి పిడికిలి మూసింది. నిపుణులు ఆ వాక్యం అడిగారు. వెనక బెంచీలోంచి ఒకరిద్దరు చెప్పారు, సరిగానే చెప్పారు. పీరియడ్ గంట కొట్టారు. సెల్వి పిడికిలి అలాగే మూసుకుని బయటికి వెళ్లి, కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది.

పరిశీలన పుస్తకంలో ఆయన రాసింది నాకు గుర్తుంది. నిత్యజీవిత వస్తువులతో బోధన, మూఢనమ్మకాలను తొలగించే ప్రయత్నం ప్రశంసనీయం అని.

ఆ సాయంత్రమే మోటారు కాలిపోయింది.

మునిరత్నం వంతు ముగిసి ఏలుమలై వంతు మొదలయ్యే రోజది. లో వోల్టేజీలో ఎవరు ఆన్ చేశారన్నది తగువు. మునిరత్నం తాను ఆపి వచ్చానన్నాడు. ఏలుమలై తాను పోయేసరికే వాసన వస్తోందన్నాడు. ఆ ఇద్దరి మధ్య అంతకుముందూ నీళ్ల దగ్గర మాటలు వచ్చేవి, మర్నాటికి సర్దుకునేవి. ఈసారి సర్దుకోలేదు. తరగతిలో జరిగిన సంగతి పిల్లల నోటిమీద అప్పటికే ఇళ్లకు చేరింది. సెల్వి తల్లి వల్లి, మీ బిడ్డ మా బిడ్డ చేతిలో ఉప్పు పోసినప్పుడే ఇది వస్తుందనుకున్నాను అంది. భవాని అవ్వ మునెమ్మ, మీ బిడ్డ చెయ్యి చాపకుంటే మా బిడ్డ ఎక్కడ పోసేది అంది. దానితో మోటారు తగువు పోయి ఇంటి తగువు అయింది. మోటారుదైతే మెకానిక్ తేల్చేవాడు.

మర్నాడు ఇద్దరమ్మాయిలూ వేరు వేరు బెంచీల్లో కూర్చున్నారు. నేను ఏమీ అడగకుండా పాఠం కొనసాగించాను. సెండ్, షో, టెల్, లెండ్, బై వంటి క్రియలు మిగిలాయి. బై లాంటి వాటికి 'టు' కాదు, 'ఫర్' రావాలి. ఆ తేడా పిల్లలకు రెండు రోజుల పని. జంటలుగా చేసే అభ్యాసంలో వాళ్లిద్దరి వంతు వచ్చినప్పుడు సెల్వి పుస్తకాన్ని భవాని చేతికివ్వక బెంచీ చివర పెట్టింది. భవాని దాన్ని అక్కడినుంచి తీసుకుంది. ఉప్పే కాదు, పెన్నూ పుస్తకమూ కూడా వాళ్లు ఇక చేతికిచ్చుకోలేదు.

ఇదంతా పిల్లల అలకైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. మా పిల్లలకు పరీక్షా కేంద్రం సత్యవేడులో. పరీక్ష తొమ్మిదిన్నరకు. ఆ ఊరి నుంచి పొద్దున బయలుదేరే బస్సు సత్యవేడు చేరేసరికి పది దాటుతుంది. కాలవ అవతలి పిల్లలను ఏటా ఏలుమలై తన ఆటోలో తీసుకెళ్లి గేటు ముందు దింపేవాడు. ఆ ఏడు భవాని ఆ ఆటో ఎక్కదని ఫిబ్రవరి చివర్లో లెక్కల మాస్టారు చెప్పారు. ఆ సాయంత్రం నేను కాలవ దాటి వెళ్లాను.

మునెమ్మ అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను కూర్చోమని చాప వేసింది.

"ఉప్పు ఎవురన్నా సేతికిస్తారా టీచరమ్మా?" అంది. "పలకా బలపమా అది?"

తనిఖీకి వచ్చిన సారు ఇమ్మన్నాడని, పిల్ల తప్పేమీ లేదని చెప్పాను.

"ఆ సారు ఇంట్లో పెండ్లాం ఆయన సేతికి ఉప్పు పోస్తాదేమో అడగండి. పోసుంటే ఈపాటికి ఆయన ఈడుండడు, కోర్టు కాడుంటాడు."

నాకు నవ్వు వచ్చింది. ఆమే నవ్వింది. ఆ నవ్వు చూసి ఇది సులువుగానే తేలుతుందనుకున్నాను. దీనికి తీరువు, అంటే దోషం పోగొట్టే దారి, ఉంది కదా అని అడిగితే ఉందంది. సెల్వి గిన్నెలో ఉప్పు తెచ్చి వాళ్ల గడప దగ్గర పెట్టి వెళ్లాలి, భవాని దాన్ని ఎత్తుకోవాలి. అంతటితో సరి.

పక్కింటికి వెళ్లి వల్లికి చెప్పాను. ఆమెకూ అదే తీరువు తెలుసు. కాని ఇచ్చింది వాళ్లు కాబట్టి వాళ్లే వచ్చి మా గడప దగ్గర తీసుకుపోవాలంది. మళ్లీ మునెమ్మ దగ్గరికి వచ్చాను. మళ్లీ వల్లి దగ్గరికి. గిన్నె పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి గడప దగ్గర అన్నదే తెగలేదు.

ఎవరి గడపా కాకుండా బడిలో పెట్టిద్దామని నాకు తోచింది. మర్నాడు ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. మూఢనమ్మకాలు తొలగించే ప్రయత్నమని పరిశీలన పుస్తకంలో సంతకంతో ఉంది. అదే బడిలో ఉప్పు తీరువు జరిగిందని ఎవరైనా ఫోన్‌లో తీసి పంపితే తనకు మెమో వస్తుందన్నారు. ఆయన స్థానంలో ఉన్న మనిషి అలాగే అంటాడు. నేను వాదించలేదు.

ఇక మగవాళ్లతో మాట్లాడటమే మిగిలింది. ఏలుమలై ఆటోస్టాండులో దొరికాడు. నేను సంగతి ఎత్తగానే తల దించుకున్నాడు.

"సెల్వి మాదిరే భవాని కూడా నాకు బిడ్డే మేడమ్. ఆ పాప వచ్చి బండెక్కితే దించేస్తానా? ఎక్కమనండి, తీసకపోతా. పిలిచేది మటుకు నేను పిలవను."

మునిరత్నం చేలో ఉన్నాడు. మోటారు లేక చెనక్కాయ చెట్లు వాడిపోయి నేలకు అంటుకుని ఉన్నాయి. కాలిన మోటారుకు తీగ మళ్లీ చుట్టించే రీవైండింగు ఇద్దరూ కలిసి చేయించాలి, కలవడం లేదు. ఏలుమలై అన్న మాట అలాగే చెప్పాను.

"మీతో సెప్పి పంపితే పిలిచినట్టా టీచర్? మా ఇంటి ముందర నిలబడి, భవానీ రామ్మా అనమనండి. పంపిస్తా. అనకపోతే నా టీవీయస్ ఉండాది. నా బిడ్డను నేను తీసకపోలేనా?"

ఆ టీవీయస్ మోపెడ్‌ను నేను చూశాను. పాలక్యాన్లు మోసి మోసి స్టాండు వంగిపోయింది. పరీక్షలు అయ్యేదాకా భవానిని సత్యవేడులో నా గదిలో ఉంచుకుంటానన్నాను. బిడ్డను పరీక్షకు పంపలేక టీచరమ్మ ఇంట్లో పెట్టినాడని ఊరు అనుకుంటుందని మునిరత్నం ఒప్పుకోలేదు. వేరే పిల్లల తల్లిదండ్రుల బండి మీద పంపమన్నాను. దానికీ అదే జవాబు. భవాని ఇంటి పక్క నీడలో కూర్చుని, ఒళ్లో నోట్సు పెట్టుకుని ఇదంతా వింటోంది. తలెత్తలేదు. వచ్చేటప్పుడు ఆ నోట్సు చూశాను. ఇరవై వాక్యాలకు ఒక్కోదానికి రెండేసి పాసివ్‌లు రాసింది. ఒక్క తప్పూ లేదు.

మార్చి 15, గురువారం, మొదటి పరీక్ష, తెలుగు మొదటి పేపరు. పదవీ విరమణ దగ్గరపడిందని నాకు ఇన్విజిలేషన్, అంటే పరీక్ష గదిలో పర్యవేక్షణ పని, వేయలేదు. దానికి బదులు మా బడి పిల్లలందరూ వచ్చారో లేదో గేటు దగ్గర చూసుకోమని ప్రధానోపాధ్యాయుడు నాకు అప్పగించారు. ఎనిమిదిన్నరకే నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చారు. హాల్ టికెట్లు చూసి, రెండు పెన్నులు ఉన్నాయో లేదో చూసి లోపలికి పంపాను.

తొమ్మిదింటికి ఏలుమలై ఆటో వచ్చింది. పిల్లలు దిగారు. అందరికన్నా చివర సెల్వి దిగి నా దగ్గరికి వచ్చింది.

"భవాని వాళ్ల బండి దోవలో ఆగిపోయుండాది టీచర్. మలుపు కాడ. టైరు పంచరంట."

ఆ మాట చెప్పి తండ్రి వైపు చూసింది. మిగతా కథ దాని దగ్గరినుంచే తెలిసింది. మలుపు దగ్గర ఏలుమలై ఆటో నెమ్మది చేశాడు. సెల్వి, ఆపు నాయనా అంది. ఆటో నడిచే మనిషి వేగానికి వచ్చింది. భవాని పరీక్ష అట్ట పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఏలుమలై ఏమీ అనలేదు. భవాని తన తండ్రి వైపు చూసింది. మునిరత్నం టైరు మీదికి వంగి ఉన్నాడు, తల ఎత్తలేదు. ఆటో దాటి వచ్చేసింది. అందులో ఒకరికి చోటుంది.

నేను ఏలుమలై దగ్గరికి వెళ్లి, వెనక్కి పోయి తీసుకురమ్మన్నాను. ఆయన హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"పిలవాల్నా మేడమ్?"

"పిలువు," అన్నాను.

బండి తిప్పాడు. సెల్విని నేను భుజం పట్టి లోపలికి పంపాల్సి వచ్చింది. అది మెట్ల దగ్గర ఆగి మళ్లీ వెనక్కి చూసింది.

మలుపు అక్కడికి ఏడు కిలోమీటర్లు. పోను రాను అరగంట చాలు. తొమ్మిదిన్నరకు బెల్లు కొట్టారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు కొంత గడువు ఉంటుంది. అది దాటాక కేంద్రం బాధ్యుడైన చీఫ్ సూపరింటెండెంటుకు కూడా లోపలికి పంపే అధికారం లేదు. నేను లోపలికి వెళ్లి ఆయనకు సంగతి చెప్పాను. గడువు ఆఖరు నిమిషం దాకా గేటు దగ్గర మనిషిని ఉంచుతానని చెప్పారు, ఉంచారు. నేను రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. లారీలు వస్తున్నాయి, మోటారు సైకిళ్లు వస్తున్నాయి. మునిరత్నం ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఏలుమలై ఫోను ఆటోలోనే ఉంటుంది, నడిపేటప్పుడు ఎత్తడు. గేటు దగ్గరి మనిషి గడియారం చూసుకుని నా వైపు చూశాడు. తర్వాత గొలుసు వేశాడు.

ఆటో వచ్చేసరికి గేటు మూసి కొద్ది నిమిషాలే అయింది. ముందు భవాని దిగి పరుగెత్తుకొచ్చింది. ఆ వెనక మునిరత్నం. చేతులకు గ్రీజు. చీఫ్ సూపరింటెండెంటు స్వయంగా గేటు దాకా వచ్చారు. ఊచల అవతల నిలబడి, తన చేతిలో లేదమ్మా అని భవానితోనే చెప్పారు. మంచిమాటే చెప్పారు, కాని గొలుసు తీయలేదు.

ఎందుకింత సేపు అని నేను అడిగాను. ఫలానా మనిషినని కాదు.

"నేను పిలిచినా మేడమ్," అన్నాడు ఏలుమలై. "పోతానే పిలిచినా. బండి ఆపకముందే, భవానీ రామ్మా అన్నా."

"ముందు దాటిపోయినప్పుడు పిలవలా," అన్నాడు మునిరత్నం. "టీచర్ సెప్పినాక వచ్చి పిలిచినాడు."

"అప్పుడు నువ్వు తలెత్తినావా అబ్బా?"

మలుపు దగ్గర రోడ్డు మీద అంతసేపూ వాళ్లు మాట్లాడుకున్నది ఇదే. ఇదే మాట అటూ ఇటూ తిరిగింది. చివరకు భవాని తండ్రిని దాటుకుని తనంతట తానే ఆటో ఎక్కింది. అప్పుడు మునిరత్నమూ ఎక్కాడు.

గేటు ముందు భవాని ఏడవలేదు. హాల్ టికెట్టు మడిచి అట్ట కింద పెట్టుకుంది.

"రేపటి పేపరు రాయనిస్తారా టీచర్?"

రాయనిస్తారని చెప్పాను. అయితే ఇంటికి పోయి చదువుకుంటానంది. తండ్రులిద్దరూ ఎవరి దిక్కు వాళ్లు చూస్తున్నారు. భవాని పోయి ఆటోలో వెనక సీటులో కూర్చుంది. ఆ తర్వాత ఏలుమలై బండి స్టార్ట్ చేశాడు.

రెండో రోజు నుంచి భవాని ఆ ఆటోలోనే వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. పొద్దునే పోయి కూర్చునేదని సెల్వి చెప్పింది. మిగతా పేపర్లన్నీ రాసింది. ఇంగ్లిష్ పేపరు అయ్యాక ప్రశ్నపత్రం తెచ్చి నాకు చూపించింది. తను రాసిన జవాబులు ఒక్కొక్కటే చెప్పింది. నేను విన్నాను. దిద్దడానికి అందులో ఏమీ లేదు.

ఫలితాల్లో తెలుగు తప్ప అన్నింటిలో పది పాయింట్లు. తెలుగు ఫెయిల్. జూన్‌లో సప్లిమెంటరీ రాసి పాసైంది. సప్లిమెంటరీలో పాసైనవాళ్ల దరఖాస్తు ట్రిపుల్ ఐటీకి చెల్లదు. ప్రధానోపాధ్యాయుడూ నేనూ తిరుపతిలో ఇద్దరు అధికారులను కలిసి అడిగాం. నిబంధన అందరికీ ఒక్కటే అన్నారు. ఆ మాట నిజమే.

జూన్ నెలాఖరున నేను ఉద్యోగం నుంచి దిగాను. తర్వాత రెండేళ్లు టీచర్ల శిక్షణ తరగతుల్లో రిసోర్స్ పర్సన్‌గా, అంటే శిక్షణ ఇచ్చే మనిషిగా, నన్ను తిరుపతికీ చిత్తూరుకూ పిలిచేవారు. రెండు ఆబ్జెక్టుల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు, ఇద్దరు పిల్లలను నిలబెట్టి వస్తువు ఇప్పించే పద్ధతే మంచిదని అప్పుడూ చెప్పాను. దానికి ఒక నియమం కలిపాను. ఏ వస్తువునైనా బోధనోపకరణం చేసే ముందు, ఆ ఊళ్లో దాన్ని చేతికిస్తారా, కింద పెడతారా, ఎవరు ఎవరికి ఇస్తారు అన్నది పిల్లలనే అడిగి తెలుసుకోవాలి. ఒక ఇంటి ఆచారం తప్పని టీచరు అనుకుంటే దానికి వేరే రోజు, వేరే పాఠం పెట్టుకోవాలి. తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి. వ్యాకరణం పీరియడులో, అధికారి ఎదుట, పిల్లల చేతులతో ఆ పని చేయించకూడదు. తనిఖీకి వచ్చినవారు అడిగినా సరే, పాఠం ఆపి వద్దని చెప్పవచ్చు. సంజాయిషీ రాయాల్సి వస్తే రాయవచ్చు. అది ఒక్క కాగితమే.

పోయినవి ఇవి. ఒక అమ్మాయికి ఒక పేపరు, ఆ పేపరుతో ఆరేళ్ల చదువుకు ఒక సీటు. మా బడికి రావలసిన మొదటి సీటూ అదే. రెండు ఇళ్లకూ ఆ ఏటి చెనక్కాయ పంట పూర్తిగా. మోటారు పోలేదు, ఏప్రిల్‌లో ఇద్దరూ కలిసే రీవైండింగు చేయించారు.